ఇల్లాలి చేతిలో కత్తి: ఒక కామిక్ వెనకున్న అరవై ఏళ్ళు

తలుపు దగ్గర బెల్లు మోగుతుంది. తీస్తే ఎదురుగా చక్కగా ముస్తాబైన ఒకావిడ, చేతిలో సౌందర్య సాధనాల పెట్టె, మొహం నిండా నవ్వు. ఏవాన్ కంపెనీ సరుకు ఇంటింటికీ తిరిగి అమ్మే మనిషి. ఇంటావిడ లోపలికి రానిస్తుంది. కొద్ది పేజీల్లోనే ఆ వంటింట్లో పెనుగులాట, నేల మీద రక్తం. అమ్మడానికొచ్చినావిడ పని ముగించుకుని తన ఇంటికెళ్ళిపోతుంది. అక్కడ భర్త, కవల కూతుళ్ళు, అత్తగారు. రాత్రి భోజనం వేళవుతోంది.

2015 జనవరిలో డార్క్ హార్స్ ప్రచురించిన 'లేడీ కిల్లర్' ఇలా మొదలౌతుంది. బొమ్మలు జోయెల్ జోన్స్‌వి, కథ ఆవిడా జేమీ ఎస్. రిచ్ కలిసి రాశారు, రంగులు లారా ఆల్‌రెడ్. మొత్తం ఐదు సంచికలు. కథానాయిక పేరు జోసీ షులర్, ఊరు సియాటిల్, కాలం 1960ల మొదటి భాగం. పగలు ఆదర్శ గృహిణి, మిగతా వేళల్లో కిరాయి హంతకురాలు. నాకు ఆన్-కాల్ డ్యూటీ ఉన్న ఒక వారంలో, సర్వర్లు బుద్ధిగా ఉన్న రెండు రాత్రుల్లో దీన్ని చదివాను. కథ తొందరగానే అయిపోయింది. కానీ ఒక ప్రశ్న మాత్రం చాన్నాళ్ళు వదల్లేదు: హంతకుడైన తండ్రి కథలు కామిక్స్‌లో ఎప్పట్నించో ఉన్నాయి కదా, హంతకురాలైన తల్లి రావడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది?

జవాబు కోసం వెనక్కి వెళితే, అమెరికా వైపు దారి 1954 దగ్గర ఆగుతుంది.

ఆ ఏడాది ఏప్రిల్ 21న న్యూయార్క్‌లో సెనేట్ ఉపసంఘం ముందు విచారణ జరిగింది. కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారా అన్నది విషయం. ఒక పక్క ఫ్రెడ్రిక్ వెర్‌థామ్ అనే మానసిక వైద్యుడు, ఇంకో పక్క ఈసీ కామిక్స్ యజమాని విలియం గెయిన్స్. ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో తెగిన ఆడమనిషి తలతో ఒక మగవాడున్న ముఖచిత్రాన్ని చూపించి, ఇది మంచి అభిరుచేనా అని సెనేటర్ కెఫావర్ అడిగితే, హారర్ కామిక్‌కి సంబంధించినంత వరకు మంచి అభిరుచే అన్నాడు గెయిన్స్. కామిక్స్ చరిత్ర రాసిన ప్రతి ఒక్కరూ ఈ సంగతి చెబుతారు. అదే విచారణలో చర్చకొచ్చిన ఇంకో కథ గురించి తక్కువ మంది చెబుతారు. పేరు 'ది ఆర్ఫన్'. అందులో లూసీ అనే చిన్నపిల్ల తాగుబోతు తండ్రిని కాల్చి చంపి, నేరం తల్లి మీదికీ ఆమె ప్రియుడి మీదికీ వచ్చేలా చేసి, ఇద్దర్నీ విద్యుత్ కుర్చీ ఎక్కించి, తను హాయిగా పిన్ని ఇంట్లో చేరుతుంది. నా ఉద్దేశంలో ఆ పెద్దమనుషుల్ని లోపల్నించి కదిలించిన కథ ఇదే. గొడ్డలి పట్టుకున్న మగవాణ్ణి భూతం అనుకుని పక్కన పెట్టేయొచ్చు. గౌను వేసుకున్న పిల్ల అమ్మానాన్నల్నే తీసేస్తే మాత్రం ఇల్లు అనే మాటకే బీట పడుతుంది.

గట్టిగా ఆరు నెలలు గడిచేసరికి, 1954 అక్టోబరులో, ప్రచురణకర్తలే కలిసి కామిక్స్ కోడ్ రాసుకున్నారు. ఆ నియమావళిని రక్తం, పిశాచాలు, నేరాల గురించిన పత్రంగానే మనం గుర్తు పెట్టుకుంటాం. అందులో ఇంటి గురించి కూడా ఒక భాగం ఉంది. ప్రేమకథలు ఇంటి విలువనీ, వివాహ పవిత్రతనీ నొక్కి చెప్పాలి. విడాకుల్ని నవ్వులాటగా చూపకూడదు, కోరదగ్గదిగానూ చూపకూడదు. తల్లిదండ్రుల పట్ల గౌరవం పెంచాలి. ఇన్ని షరతుల మధ్య గృహిణి బొమ్మ గియ్యొచ్చు, ఎన్నైనా గియ్యొచ్చు. ఆమె చేతిలో ఉన్న కత్తి మాత్రం కూరగాయల మీదే ఆడాలి.

విచిత్రంగా, టీవీలో ఏవాన్ వారి ఆ ప్రసిద్ధమైన తలుపు గంట ప్రకటన మొదలైందీ 1954లోనే. ఇంకో విచిత్రం: జోసీ కథ పతాక సన్నివేశం జరిగే సియాటిల్ ప్రపంచ ప్రదర్శన మొదలైంది 1962 ఏప్రిల్ 21న, అంటే గెయిన్స్ సాక్ష్యం చెప్పిన రోజుకి సరిగ్గా ఎనిమిదేళ్ళకి. ఈ రెండోదాంట్లో అర్థమేదీ లేదు, కాకతాళీయం. తేదీలు కలిసినప్పుడు చెప్పకుండా ఉండలేకపోవడం నాకున్న జబ్బు.

ఇదే కాలంలో అట్లాంటిక్ అవతల ఇంకో సగం తయారౌతోంది. 1963 మే 13న లండన్ ఈవెనింగ్ స్టాండర్డ్ పత్రికలో 'మోడెస్టీ బ్లెయిజ్' స్ట్రిప్ మొదలైంది. రాసింది పీటర్ ఓడానెల్, గీసింది జిమ్ హోల్డవే. మోడెస్టీ వృత్తిరీత్యా హంతకురాలు కాదు, ఒక నేర సామ్రాజ్యాన్ని నడిపిన మనిషి. మనం ఆమెని కలిసేనాటికే ఆ వ్యాపారం మూసేసి, సంపాదించినది చాలనుకుని ఇంగ్లండులో స్థిరపడింది. అంటే రిటైరైంది. కానీ తోచదు. గూఢచార శాఖ పెద్దమనిషి టారంట్ సరిగ్గా ఆ విసుగుని పట్టుకునే ఆమెని మళ్ళీ పనిలోకి లాగుతాడు. అలా లాగితే 2001 దాకా నడిచింది ఆ స్ట్రిప్. గతం ఉన్న ఆడమనిషి, గతం నుంచి తప్పుకున్న ఆడమనిషి, చేతిలో ఆయుధం ఉన్న ఆడమనిషి, అన్నీ 1963కే ఉన్నాయి. లేనిది ఒక్కటే, ఇల్లు. మోడెస్టీకి భర్త లేడు, పిల్లల్లేరు, అత్తగారు అసలే లేదు. ప్రాణమిచ్చే స్నేహితుడు విల్లీ గార్విన్ ఉన్నాడు గానీ, వాళ్ళిద్దరి మధ్య శారీరక సంబంధం రాకుండా ఓడానెల్ ఆఖరిదాకా కాపలా కాశాడు.

ఆ పద్దెనిమిదేళ్ళకి, 1981లో, ఫ్రాంక్ మిల్లర్ 'డేర్‌డెవిల్'లోకి ఎలెక్ట్రాని తెచ్చినప్పుడు కూడా ఇదే లెక్క. కోడ్ ముద్రతో వచ్చే పత్రికలోనే డబ్బు తీసుకుని ప్రాణాలు తీసే ఆడది కనిపించింది. ఆమెకి చనిపోయిన తండ్రి, పాత ప్రేమికుడు ఉన్నారు. వంటిల్లు లేదు. ఏడాది తిరిగేసరికి ఆమే హత్యకు గురైంది. అంటే గృహిణి ఒక పెట్టెలో, హంతకురాలు ఇంకో పెట్టెలో. రెండు పెట్టెల మూతలూ ఒకేసారి తెరవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

మగవాడి విషయంలో ఈ ఇబ్బంది రాలేదు. జపాన్‌లో 1970లోనే ఆ రెండూ కలిసిపోయాయి. కజువో కొయికె రాసి, గోసెకి కొజిమా గీసిన 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్' ఆ ఏడాది వీక్లీ మాంగా యాక్షన్‌లో మొదలై 1976 దాకా వచ్చింది. పుస్తకాలుగా 28 సంపుటాలు. ఒగామి ఇత్తో షోగన్ ఆస్థానంలో శిరచ్ఛేదనాధికారి. యాగ్యూ వంశం కుట్రలో పదవి పోతుంది, పరువు పోతుంది, భార్య అజామి హత్యకు గురౌతుంది. మిగిలినది ఇంకా పాకే వయసు కొడుకు దైగోరో. ఇత్తో ఆ పిల్లాడి ముందు ఒక పక్క బంతి, ఇంకో పక్క కత్తి పెడతాడు. బంతి వైపు పాకితే చంపి తల్లి దగ్గరికి పంపుతాడు. కత్తి వైపు పాకితే తనతో పాటు నెత్తుటి దారి. పిల్లాడు కత్తి పట్టుకుంటాడు. మన ఇళ్ళల్లో అన్నప్రాశన రోజు పుస్తకం, డబ్బు, కత్తి, పువ్వులు పెట్టి పిల్లల్ని వదులుతాం కదా, ఆ సరదా ఈ పేజీల దగ్గర చల్లబడిపోతుంది.

ఆ తర్వాతదంతా ప్రయాణం. చెక్క బండిలో పిల్లాడు, బండి చట్రంలో దాచిన ఆయుధాలు, ఒక్కో ప్రాణానికి 500 ర్యోల ధర. కొజిమా వాన గీసినా, గడ్డి గీసినా కాసేపు పేజీ తిప్పబుద్ధి కాదు. అన్నిటికంటే ఎక్కువగా పాఠకుల మనసులో నిలిచేది మాత్రం, మనుషుల్ని నరికిన చేతుల్తోనే ఆ తండ్రి కొడుక్కి తిండి పెట్టడం, స్నానం చేయించడం. నాకూ నిలిచింది. అయితే ఒక్కటి గమనించాలి. ఆ చేతులు ఆ పనులు చేస్తుంటే మనకి అంత ఇదిగా అనిపించడానికి కారణం, ఆ పనులు చెయ్యాల్సిన మనిషి మొదట్లోనే చనిపోయి ఉండటం. తండ్రి గంజి తాగిస్తే గుండె కరుగుతుంది. తల్లి తాగిస్తే అది రోజూ ఉండేదే, దానికి ప్యానెల్ ఎందుకు వృథా అనుకుంటారు.

అజామి చావు ఒక అచ్చులాగా పనికొచ్చింది. మాక్స్ అలన్ కాలిన్స్ రాసి, రిచర్డ్ పియర్స్ రేనర్ గీసిన 'రోడ్ టు పర్డిషన్' 1998లో వచ్చింది. 'లోన్ వుల్ఫ్' ప్రభావం ఉందని కాలిన్స్ దాచుకోలేదు. మాంద్యం నాటి అమెరికా, ఐరిష్ ముఠాకి పనిచేసే హంతకుడు. భార్యనీ చిన్న కొడుకునీ ముఠా వాళ్ళే చంపేస్తారు, తను పెద్ద కొడుకుతో కారులో దారి పడతాడు. చెక్క బండి కారైంది, అంతే తేడా. అంతకు ముందు ఏడాది వచ్చిన జాన్ వాగ్నర్, విన్స్ లాక్‌ల 'ఎ హిస్టరీ ఆఫ్ వయొలెన్స్'లో భార్య బతికే ఉంటుంది. చిన్న ఊళ్ళో టిఫిన్ సెంటర్ లాంటిది నడుపుకునే భర్తకి ఇంకో పేరు, ఇంకో జీవితం ఉండేవని తెలిసి, ఆమె నమ్మాలి, తట్టుకోవాలి, క్షమించాలి. కథ ఆమెకిచ్చిన ఉద్యోగం అది.

ఈ మగవాడు మనకి కొత్తవాడేం కాదు. 'బాషా' ఆటో డ్రైవరు మొదలుకుని 'నరసింహనాయుడు' డాన్స్ మాస్టారు దాకా, ఇంటర్వెల్ ముందు తలొంచుకుని బతికి ఫ్లాష్‌బ్యాక్‌లో తలెత్తే వీరుడికి ఈలలు వేస్తూనే పెరిగాం మా తరం వాళ్ళం. మన సినిమాల్లో హీరో గతం బయటపడటం అంటే పండగ. అదే అమ్మాయి గతం బయటపడితే, ఆ గతం ఏమై ఉంటుందో ప్రేక్షకుడు ముందే అనేసుకుంటాడు. ఈ మాట పక్కన పెట్టుకోండి, జోసీ అత్తగారి దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

కొయికెని ఒక్క 'లోన్ వుల్ఫ్'తో తూచడం అన్యాయం. ఆ ధారావాహిక నడుస్తుండగానే 1972లో కజువో కమిమురా బొమ్మలతో 'లేడీ స్నోబ్లడ్' మొదలుపెట్టాడు. అందులో తల్లి ఉంది, సయో. భర్తనీ కొడుకునీ చంపినవాళ్ళలో ఒకణ్ణి తను చంపి జైలుకెళుతుంది. మిగతావాళ్ళని చంపడానికి ఒక బిడ్డ కావాలని జైల్లోనే గర్భం తెచ్చుకుని, ఆడపిల్లని కని చనిపోతుంది. ఆ పిల్ల యుకి, పుట్టుకతోనే పగకి వారసురాలు. తన గతం నుంచి పిల్లల్ని కాపాడుకునే తల్లికి పూర్తిగా ఎదురు బొమ్మ ఇది. బిడ్డకి గతం తప్ప ఇంకేమీ ఇవ్వని తల్లి. దైగోరోకి కనీసం బంతి చూపించారు. యుకికి అదీ లేదు. కొయికె మగవాడి పగలో పితృవాత్సల్యం చూశాడు, ఆడదాని పగలో కడుపుని ఒక ఆయుధాగారంగా చూశాడు. నాకు 'స్నోబ్లడ్' ఇష్టమే, కమిమురా గీతలంటే మరీ ఇష్టం, అయినా ఈ తేడా మింగుడుపడదు.

ఈ రెండు వాగులూ కలిసిన చోటు కామిక్ కాదు, సినిమా. టరాంటినో 'కిల్ బిల్' రెండు భాగాలు, 2003, 2004. 'లేడీ స్నోబ్లడ్' సినిమాకి దాని అప్పు జగమెరిగినదే. కడుపుతో ఉన్నానని తెలిసి వృత్తి వదిలేసి, పేరు మార్చుకుని, మామూలు పెళ్ళి చేసుకోబోతున్న హంతకురాలి మీదికి గతం తుపాకులతో వస్తుంది. నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం మొదటి భాగంలో ఇంకో హంతకురాలు, వెర్నిటా గ్రీన్. ఆవిడ అప్పటికే రిటైరైంది. పాసడీనాలో ఇల్లు, డాక్టరు మొగుడు, నాలుగేళ్ళ కూతురు. తలుపు దగ్గర బెల్లు మోగుతుంది. తీస్తుంది. ఇల్లంతా కొట్టుకుని, స్కూలు బస్సు దిగి పాప వచ్చేసరికి కత్తులు వెనక్కి దాచుకుని, చివరికి వంటింట్లో చనిపోతుంది. పన్నెండేళ్ళ తర్వాత 'లేడీ కిల్లర్' మొదటి పేజీల్లో మళ్ళీ అదే బెల్లు, అదే వంటిల్లు. ఈసారి బెల్లు కొట్టినావిడకీ ఇంట్లో పిల్లలున్నారు. ఇక 'కిల్ బిల్' చివర్లో ఆ తల్లీకూతుళ్ళు కలుసుకున్న రాత్రి పక్క మీద పడుకుని చూసే సినిమా ఏమిటనుకున్నారు? 'షోగన్ అసాసిన్'. 'లోన్ వుల్ఫ్' సినిమాల్ని కత్తిరించి ఇంగ్లీషులో కుట్టిన బొమ్మ. హంతకురాలైన అమ్మ తన కూతురికి నిద్రపోయే ముందు చూపించేది హంతకుడైన నాన్న కథ!

ఇంత దూరం తిరిగొస్తే 'లేడీ కిల్లర్' చేసిన పని చిన్నదిగా కనిపించదు. అది 1954లో విడదీసిన రెండు పెట్టెల్ని పట్టుకుపోయి, సరిగ్గా ఆ కోడ్ ఏలుతున్న కాలంలోనే, ఆ కాలపు బొమ్మల శైలిలోనే కలిపేసింది. జోన్స్ ఆనాటి పత్రికా ప్రకటనల్లోని గృహిణుల్ని బాగా చదువుకుంది. ఆ నడుములు, ఆ గౌన్లు, ఆ పళ్ళ వరసలు. ఆల్‌రెడ్ రంగులు లేత పసుపు, లేత ఆకుపచ్చ. ఫ్రిజ్ ప్రకటన లాంటి ఆ బొమ్మ మీద నెత్తురు పడితే, అది ఎవరో కావాలని పాడుచేసిన కేలండరులా ఉంటుంది. బెటీ ఫ్రీడన్ 'ఫెమినైన్ మిస్టీక్' వచ్చింది 1963లో. ఇంట్లో అన్నీ ఉన్నా ఏదో వెలితిగా ఉందని చెప్పుకోలేని ఆడవాళ్ళ గురించి ఆవిడ రాసింది. జోసీకి ఆ వెలితి లేదు. ఆమెకి పనుంది, అది బాగా వచ్చు, దానికి డబ్బొస్తుంది. చెప్పుకోలేకపోవడం మాత్రమే ఉంది.

అందులో అత్తగారిది అన్నిటికంటే మంచి పాత్ర. జర్మన్ యాస ఉన్న ముసలావిడ, కోడల్ని ఓ కంట కనిపెడుతుంది. జోసీకి పనులు పురమాయించే పెక్ అనేవాడు ఇంటి దగ్గరికొస్తే చూసేస్తుంది. చూసి ఏమనుకుంటుంది? రంకు అనుకుంటుంది. కోడలు ఏదో దాస్తోందని కనిపెట్టేంత తెలివి ఆవిడకుంది. దాచినది ఇంకో రకం సంగతి కావచ్చని ఊహించడానికి ఆవిడ లోకంలో చోటు లేదు. నేను ఇందాక పక్కన పెట్టుకోమన్నది ఇదే. అమ్మాయికి రహస్యం ఉందంటే అది మగాడే అయ్యుండాలన్న నమ్మకం జోసీకి ఆమె వేసే వేషాలన్నిటికంటే పెద్ద ముసుగు. భర్త జీన్‌కైతే ఆ పాటి అనుమానం కూడా రాదు. భోజనం వేళకి బల్ల మీద ఉంటే ఆయనకి ప్రపంచం సవ్యంగా ఉన్నట్టే.

కథ మలుపు కూడా ఇంటి చుట్టూనే. సంసారం వల్ల ఈమె ధ్యాస చెదురుతోందని పైవాడు స్టెన్‌హోమ్ తేలుస్తాడు. ఒక పిల్లాణ్ణి చంపే పని అప్పగిస్తే ఆమె చెయ్యలేకపోతుంది. దాంతో ఆమెనే తీసెయ్యమని ఆజ్ఞ. ఆ వృత్తిలో రిటైర్మెంటుకి అదొక్కటే అర్థం. ఈ సంభాషణల్లోంచి తుపాకులు తీసేస్తే, ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన మనిషి గురించి మీటింగ్ రూముల్లో జరిగే మాటలే మిగులుతాయి. నేను అలాంటి గదుల్లో కూచున్నాను, ఆ గొంతులు గుర్తుపట్టగలను. స్టెన్‌హోమ్‌ని కొంచెం మర్యాదగా మాట్లాడిస్తే చాలు, అతను ఫలానా మేనేజరే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. జోసీ ఈ పనిలోకి ఎందుకొచ్చింది, ఏం ఆలోచిస్తుంది అన్నది మొదటి ఐదు సంచికలు దాదాపు తాకవు. తనలాంటి ఆడవాళ్ళని ఇంకొందర్ని కూడగట్టుకుని ప్రపంచ ప్రదర్శనలో ఎదురు తిరిగే ముగింపు, స్పేస్ నీడిల్ నీడలో చూడటానికి బాగుంటుంది గానీ, ఆ స్నేహానికి ముందు పేజీల్లో వేళ్ళు లేవు. చంపబడేవాళ్ళ లెక్క ఎవరూ అడగరు. ఆ మొదటి వంటింటావిడకీ ఒక జీవితం ఉండే ఉంటుంది కదా. వెర్నిటా కూతురికి తల్లి శవాన్ని చూసే క్షణం టరాంటినో ఇచ్చాడు. జోన్స్ అలాంటి చోట్ల నవ్వేసి పేజీ తిప్పుతుంది.

2016లో జోన్స్ ఒక్కతే రాసి గీసిన రెండో వరస ఈ అప్పు కొంత తీర్చింది. కుటుంబం ఫ్లోరిడాలోని కోకో బీచ్‌కి మారింది. ఒకరి కింద కాకుండా సొంతంగా పని, ముసుగుకి టప్పర్‌వేర్ పార్టీలు. గతంలోంచి ఇర్వింగ్ అనే ముసలాయన వస్తాడు, శవాల్ని మాయం చేయడంలో సాయం చేస్తానంటాడు. అతనెవరో ముందు గుర్తుపట్టేది జోసీ కాదు, అత్తగారు. ఆవిడకీ యుద్ధకాలం నాటి గతం ఒకటుంది, ఎవరికీ చెప్పనిది. ఆ ఇంట్లో రెండు తరాల ఆడవాళ్ళు ఒకే డైనింగ్ టేబుల్ దగ్గర, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే రకం మౌనం పాటిస్తూ వచ్చారన్నమాట. ఆ వరసలో నాకు అన్నిటికంటే నచ్చినది అదే.

ఇవాళ ఈ కథలు జపాన్‌లో నవ్వులాటగా మారాయి. యూటో సుజుకి 'సకమోటో డేస్' 2020లో మొదలైంది. సకమోటో పేరు మోసిన హంతకుడు, ప్రేమలో పడి మానేశాడు, లావయ్యాడు, భార్యతో కలిసి చిన్న కొట్టు నడుపుకుంటున్నాడు. భార్య అవోయి బతికే ఉంది. అది చాలా పెద్ద మార్పు. పైగా ఇంటి నియమం ఆవిడదే, ఎవర్నీ చంపకూడదు. అంతకు ఏడాది ముందొచ్చిన తత్సుయా ఎండో 'స్పై ఫ్యామిలీ'లో యోర్ ఇంకా పని మానలేదు. తమ్ముణ్ణి పెంచడానికి చిన్నప్పుడే ఆ వృత్తిలోకి వచ్చింది. పెళ్ళి కాని 27 ఏళ్ళ అమ్మాయంటే ఊళ్ళోవాళ్ళకి అనుమానం కాబట్టి, ముసుగు కోసం ఒక మొగుణ్ణీ కూతుర్నీ తెచ్చుకుంది. సకమోటో మానేసి పొట్ట పెంచుకుంటే అందరికీ ముద్దొస్తున్నాడు. యోర్ ఒంటి చేత్తో ఒక గుంపుని మట్టుబెట్టి వచ్చి, వంట సరిగా రాలేదని దిగులు పడుతోంది.

జోసీ కవలలు ఈ సంచికలన్నిటిలోనూ వెనక ఎక్కడో ఆడుకుంటూ కనిపిస్తారు. అమ్మ ఏం చేస్తుందో వాళ్ళకి తెలియదు. వాళ్ళ ముందు ఇంకా ఎవరూ ఏ బంతీ, ఏ కత్తీ పెట్టలేదు.